నూకా దీదీ ఎడమ చెయ్యి

మొన్న ఆదివారం పొద్దున పోర్ట్ బ్లెయిర్ లంబాలైన్‌లో మా ఇంటి అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాను. ఎదురింటివాళ్ల కొత్త కారు, లోపల మనిషి లేకుండా, పక్కన మనిషి లేకుండా, కీచుమని ఒక్క కూత కూసి గుర్రుమని తనంతట తానే స్టార్టయింది. నా చేతిలో గ్లాసు ఎగిరిపడింది. టీ అంతా లుంగీ మీద. ఎదురింటాయన డాబా మీద నుంచి ఫోను ఊపి చూపిస్తూ, ఏసీ చల్లబడాలని నొక్కానండీ అని నవ్వాడు. మా ఆవిడ తువ్వాలు తెచ్చి ఇస్తూ, యాభై దాటినా ఈ బెదురు పోలేదు కదా అంది. పోదు. బండ్లకు స్టార్టర్లు బిగించి బతికిన మనిషి బండి స్టార్టయితే బెదరడం ఏమిటని మీకు అనిపిస్తుంది. నాకూ సిగ్గుగానే ఉంటుంది. కాని డ్రైవరు లేని ఇంజను మోగిందంటే ముందు నా కళ్లు బానెట్ దగ్గరకు పరుగెత్తుతాయి, అక్కడ ఎవరైనా వంగి ఉన్నారేమోనని. ఎవరూ ఉండరు. అయినా గుండెదడ తగ్గడానికి అయిదు నిమిషాలు పడుతుంది. ఆ దడ నాకు ఎవరివల్ల వచ్చిందో రాయాలని చాలా ఏళ్లుగా అనుకుంటున్నాను. నా తప్పు కూడా రాయవలసి వస్తుందని ఇన్నాళ్లూ వెనక్కి తగ్గాను. ఆవిడ పేరు నూకాలు. పోర్ట్ బ్లెయిర్‌లో బండి ఉన్నవాళ్లందరికీ నూకా దీదీ.

ఆస్టినాబాద్‌లో రోడ్డు వంపు తిరిగి కిందికి దిగే చోట, రేకుల షెడ్డులో ఆవిడ షాపు. బండ్లకు కరెంటు పనులు చేసే షాపు. వాళ్ల తాత స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో భీమిలి వైపు నుంచి వలలు మూటగట్టుకుని ఓడెక్కి వచ్చి, ఇక్కడ వేటకు కుదురుకున్నాడు. తండ్రి నాటికి పడవలకు ఇంజన్లు వచ్చాయి. నడిసముద్రంలో ఇంజను మొరాయిస్తే తిరిగి రావడం కష్టం కనుక, ఆ ఇంటి ఆడపిల్ల తీగలు కలపడం నేర్చుకుంది. పెళ్లయ్యాక భర్తతో కలిసి ఈ షాపు పెట్టింది, ఆయన పోయాక ఒక్కతే నడిపింది. చీర మీద మగవాళ్ల ఖాకీ చొక్కా, నుదుట పెద్ద బొట్టు, పళ్ల మధ్య ఎప్పుడూ ఒక తీగ ముక్క. తెలుగు మాట్లాడటమే కాని చదవడం రాదు. హిందీ కూడబలుక్కుని చదివేది. ఇంగ్లీషు అసలే రాదు. నేనేమో శ్రీకాకుళం జిల్లా నుంచి డిప్లొమా కాగితం పట్టుకుని, ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, మేనమామ మాట నమ్మి ఓడ దిగినవాణ్ణి. చదువు లేని ఆడమనిషి చేతికింద పనిచెయ్యాలా అని నాకు ఒళ్లు మండేది. పైకి అనలేదు. మొహం దాచదు కదా. ఆవిడ గమనించింది, గమనించనట్టే ఉంది.

ఆవిడ పద్ధతులు ఆవిడవి. బండి షెడ్డులోకి వచ్చిందంటే ముందు తాళం చెవి తీసి కొంగుకు ముడివేసి, ఆ ముడిని బొడ్లో దోపుకునేది. "తాళం నా కొంగున ఉందంటే బండి సచ్చినట్టే తమ్ముడూ. ఇంక నీ సెయ్యి నా జిమ్మేదారీ" అనేది, బాధ్యత అనడానికి హిందీ మాట వాడి. ఆ తర్వాత బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీసి పక్కకు వంచాలి. అప్పుడే పని మొదలు. కొత్తగా ఏ తీగ లాగినా బ్యాటరీకి జానెడు దూరంలో ఫ్యూజు ఉండి తీరాలి. పడవలో తీగ అంటుకుంటే దూకడానికి సముద్రం తప్ప ఏముంటుందని, ఆ జానెడు లెక్క వాళ్ల నాన్న దగ్గర నేర్చింది. తీగలు మెలిపెట్టి టేపు చుడితే ఒప్పుకునేది కాదు, అతుకు మీద సీసం కరిగించి పోసి, పైన గొట్టం తొడగాల్సిందే. ఇక బాడీకి ఎక్కడ బెజ్జం వేసినా వెంటనే ఎర్ర ప్రైమరు పూసెయ్యాలి. అది ఆవిడ ఒక్కదాని పద్ధతి కాదు, ఈ దీవుల్లో ఇనుము ముట్టుకునే ప్రతివాడి అలవాటు. ఉప్పుగాలికి పచ్చి ఇనుము వారం ఆగదు. ఇవన్నీ చాదస్తమని మనసులో విసుక్కుంటూనే నేర్చుకున్నాను.

నా పరువు పోయింది మాత్రం ఒక్క మాట దగ్గర. చేరిన మొదటి వారంలో ఒక జీపు కింద పడుకుని ఆవిడ, చాలూ, చాలూ అంటోంది. నేను స్టీరింగ్ ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాను. చాలంటోంది కదా, ఇంక చేసేదేముంది? ఆవిడ నాలుగుసార్లు అరిచి, గ్రీజు మొహంతో బయటికి వచ్చి, చెవుడా అని అడిగింది. హిందీలో చాలూ అంటే స్టార్టు చెయ్యమని నాకేం తెలుసు? విషయం అర్థమయ్యాక జీపు డ్రైవరు కడుపు పట్టుకుని నవ్వాడు. సాయంత్రానికి ఆస్టినాబాద్ మొత్తం నాకు చాలు బాబు అని పేరు పెట్టేసింది. టీ కొట్టువాడు కూడా చాలు బాబుకి ఒక టీ అని కేకేసేవాడు. నాకు తల కొట్టేసినట్టయింది. నా మాతృభాష నన్నే నవ్వులపాలు చేసిందని ఉడుక్కున్నాను. ఆ కసితో చెవిని మార్చుకున్నాను. ఆ మాట వినబడగానే, ఆలోచన లేకుండా, చెయ్యి తాళం మీదకు పోవాలి. పది నెలలు తిరిగేసరికి నా చెవి పూర్తిగా ఇక్కడి చెవి అయిపోయింది. అందుకు గర్వపడ్డాను కూడా, నా మొహం మండ.

అప్పుడు వచ్చాడు దాస్ బాబు. సిప్పీఘాట్‌లో ఉండే బెంగాలీ పెద్దాయన, ఓడల్లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. మోకాళ్ల నొప్పులు. గేర్లు వాటంతట అవే మారే కారు కొనుక్కున్నాడు. చెన్నై నుంచి ఎవరో తెచ్చిచ్చిన ఒక పెట్టె బల్ల మీద పెట్టాడు. బండి దగ్గరకు వెళ్లకుండా, ఇంట్లోంచే బొత్తాం నొక్కి ఇంజను స్టార్టు చేసే కిట్ అది. మాలో ఎవరూ అంతకుముందు చూడలేదు. దీదీ దాన్ని అటూ ఇటూ తిప్పి, మొదట అడిగిన ప్రశ్న, గేరులో ఉంటేనో అని. ఎందుకడిగిందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. అన్నీ ఎత్తుపల్లాల రోడ్లు, హ్యాండ్‌బ్రేకు తీగలు తుప్పు పట్టిపోయి ఉంటాయి, అందుకని అందరూ బండిని గేరులో పెట్టి, చక్రం కింద రాయి పెట్టి దిగుతారు. అలాంటి బండిని దూరం నుంచి లేపితే రాయి దాటి ముందుకు దూకుతుంది. తన కారు పార్కింగు గేరులో ఉంటే తప్ప ఈ పెట్టె పనిచెయ్యదని దాస్ బాబు చెప్పాక ఆవిడ ఒప్పుకుంది. మామూలు గేరు బండ్లకు మాత్రం, తర్వాత ఎంతమంది బతిమాలినా ఆవిడ బిగించలేదు.

కిట్‌తో వచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంది. ఆవిడ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఒక్క ముక్క వదలకుండా చదివి తెలుగులో చెప్పమంది. పది నెలల్లో నాకు మొదటిసారి పెద్దపీట దొరికింది. కాలు మీద కాలు వేసుకుని చదివాను. పసుపు తొడుగున్న తీగలు ఎయిర్‌బ్యాగువి, ముట్టుకోకూడదు. బ్రేకు పెడలు తీగ కలపాలి, ఎవరైనా కాలు పెడితే ఇంజను ఆగిపోవాలి. మూసిన షెడ్డులో నొక్కకూడదు, పొగ మనిషిని చంపుతుంది. ఆవిడ ప్రతిదానికీ తలాడిస్తూ వేళ్ల మీద లెక్కపెట్టుకుంటోంది. తర్వాతి పేజీలో ఒక చిన్న స్విచ్చి బొమ్మ ఉంది. బానెట్ అంచు కింద బెజ్జం వేసి బిగించాలట, బానెట్ ఎత్తి ఉన్నంతసేపూ రిమోటు పనిచెయ్యదట. బెజ్జం, రంగు, ఆరడం, మళ్లీ తీగ లాగడం. పూట పని. చలిదేశాలవాళ్ల అతిజాగ్రత్త అనుకుని పేజీ తిప్పేశాను. అంతేనా అని అడిగింది ఆవిడ. అంతే దీదీ అన్నాను.

మూడో రోజు పదకొండు గంటలకు పని అయింది. బండిని షెడ్డు బయట పెట్టి రిమోటు నొక్కితే ఇంజను ఠక్కున లేచింది. దాస్ బాబు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టి, మిఠాయి తెస్తానని రోడ్డు దాటి వెళ్లాడు. ఇంజను ఆపాం. దీదీ అలవాటు ప్రకారం తాళం కొంగున ముడివేసుకుని, చివరిసారి చూద్దామని బానెట్ ఎత్తింది. మేం లాగిన తీగ ఒకటి ఫ్యాన్ బెల్టు దగ్గర వదులుగా వేలాడుతోంది. చిన్న పని కదా, తాళం ఎలాగూ తన దగ్గరే ఉంది కదా అని బ్యాటరీ తీగ ఊడదియ్యలేదు. నన్ను లోపలినుంచి తీగ లాగమంది. నేను డాష్‌బోర్డు కింద తల దూర్చి కుడిచేత్తో తీగ పట్టుకున్నాను. ఎడమచేతిలో రిమోటు ఉంది. ఎందుకు పక్కన పెట్టలేదో ఇప్పటికీ తెలియదు. లాగు, అంది ఆవిడ. ఇంకొంచెం. ఇంకొంచెం. ఆవిడ మొహం నాకు కనబడటం లేదు, గొంతు ఒక్కటే వినబడుతోంది.

"చాలు" అంది.

తీగ చాలని అంది. ఆవిడ తన ఇంట్లో అమ్మతో, చెల్లెలితో మాట్లాడే తెలుగులో అంది. నేను పుట్టిన దగ్గర్నుంచీ విన్న మాట. నా బొటనవేలు రిమోటు నొక్కేసింది.

ఇంజను మోగింది. కేక రాలేదు. కేక వచ్చినా ఇంత గుర్తుండేది కాదేమో. నేను మళ్లీ నొక్కాను, మళ్లీ మళ్లీ నొక్కాను. ఆపడానికి వెంటవెంటనే రెండుసార్లు నొక్కాలని నేనే చదివి చెప్పినవాణ్ణి, వేళ్లకు ఆ సంగతి గుర్తులేదు. అంతలో ఇంజను దానంతట అదే చచ్చిపోయింది. బయటికి దూకాను. ఎడమచేత్తో ఆవిడ ఫ్యూజు పీకేసింది, బ్యాటరీకి జానెడు దూరంలో తనే పెట్టించిన ఫ్యూజు. బెల్టులో పడిన ఆవిడ కుడిచెయ్యి వైపు ఒక్కసారి చూసి తల తిప్పేసుకున్నాను. మధ్యవేలు, ఉంగరం వేలు నలిగిపోయాయి. ఆవిడ మాత్రం చేతిని చూసుకోవడమే లేదు. ఎడమచేత్తో బొడ్లో ముడిని తడుముకుంటోంది. ముడి ఉంది. ముడిలో తాళం ఉంది.

"తాళం నా కాడే ఉంది కదరా. మరెలగ లేసింది?"

ఆ అడగడంలో నొప్పి లేదు, కోపం లేదు. దిగ్భ్రమ ఒక్కటే. పడవలో పుట్టి పెరిగిన మనిషికి కాళ్ల కింద సముద్రమే లేకుండా పోతే అలా అడుగుతుందేమో. దాస్ బాబు మిఠాయి పొట్లం వదిలేసి పరుగెత్తుకొచ్చి తువ్వాలు చుట్టాడు. రోడ్డు మీద పోయే ఆటో ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లాం. రెండు వేళ్లూ నడిమి కణుపు దాకా తీసేశారు.

ఆ తర్వాత జరిగింది నాకు ఇంకా పెద్ద దెబ్బ. చూడటానికి వచ్చిన ప్రతివాళ్లకూ ఆవిడ ఒకటే చెప్పింది, తప్పు తనదేనని. ఇంటి మాట షాపులో అన్నాను, పిల్లాడికి నేనే ఆ చెవి చేయించాను, వాడేం చేస్తాడని. నేను పొద్దున్నుంచీ ఏమీ తినలేదని గుర్తుపెట్టుకుని, నాకు అన్నం పెట్టమని చెల్లెలు పార్వతికి చెప్పింది. నేను ఆ అన్నం తిన్నాను. బానెట్ స్విచ్చి పేజీ ఉన్న పుస్తకం నా సంచిలో ఉంది. నోరు విప్పలేదు. మింగిన ప్రతి ముద్దా గుర్తుంది నాకు.

పన్నెండు రోజుల తర్వాత కట్టుతోనే షెడ్డు వెనక ఇంట్లో కూర్చుని, పుస్తకం పట్టుకుని రమ్మంది. ఇరవై ఏళ్లుగా కనబడిన ప్రతివాడికీ తాళం కొంగున ఉంటే చాలని చెప్పిందట. అది అబద్ధమైపోయింది కనుక, ఎక్కడ అబద్ధమైందో తనకు తెలియాలట. మొదటినుంచి మళ్లీ చదవమంది. నేను చదవడం మొదలుపెట్టాను. ఆ పేజీ దగ్గరవుతున్నకొద్దీ నా చదువు నెమ్మదించింది. మళ్లీ తిప్పేస్తే ఆవిడకు ఎప్పటికీ తెలియదు. ఆ దీవిలో ఆ పుస్తకం చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. పక్కగదిలో పార్వతి బియ్యం చెరుగుతున్న చప్పుడు వినబడుతోంది. చదివాను. బానెట్ తెరిచి ఉన్నప్పుడు ఇంజను లేవకుండా ఈ స్విచ్చి తప్పక బిగించాలని, ఇది లేకుండా బండిని యజమానికి అప్పగించకూడదని, ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

ఆవిడ కట్టు వైపు చూసింది. "ఆరోజు ఈ ముక్క ఇందల ఉందా?"

"ఉంది దీదీ. చదివాను. మీకు చెప్పలేదు."

ఎందుకని అడిగింది. బెజ్జం వెయ్యాలి, తుప్పు పడుతుంది, పూట పడుతుంది అని ఏదో నసిగాను. తర్వాత అసలు సంగతి బయటికి వచ్చేసింది. మీకు చదవడం రాదు కదా, తెలియదులే అనుకున్నాను అన్నాను. అనగానే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి. రేపటినుంచి షాపుకు రావద్దని మాత్రం అంది.

ఊరికి తిరిగి పోదామని ఓడ టిక్కెట్టు కోసం తిరిగాను. తొమ్మిదో రోజున టీ కొట్టువాడు వచ్చి దీదీ రమ్మంటోందని చెప్పాడు. వెళ్తే షెడ్డులో దాస్ బాబు కారు అలాగే ఉంది. బల్ల మీద ఆ స్విచ్చి, పక్కన డ్రిల్లు. బిగించమంది, అంతే. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఒళ్లు దగ్గర పెట్టుకుని చేశాను. బ్యాటరీ తీగ తీశాను, బానెట్ అంచు కింద బెజ్జం వేశాను, మన అలవాటు ప్రకారం బెజ్జం చుట్టూ ఎర్ర ప్రైమరు పూసి ఆరనిచ్చాను, స్విచ్చి బిగించి తీగ అతికించాను. స్ప్రింగు వేలితో నొక్కి చూస్తే చక్కగా ఆడింది. బ్యాటరీ కలిపి, అయింది దీదీ అన్నాను.

ఆవిడ లేచి వచ్చింది. రిమోటు తీసి నా చేతిలో పెట్టింది. బానెట్ ఎత్తి ఊతకర్ర ఆనించింది. ఎడమచెయ్యి లోపలికి పెట్టి బెల్టు మీద ఆనించి, నా మొహంలోకి చూసింది.

"నొక్కు."

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, చెయ్యి తియ్యండి దీదీ అన్నాను. తియ్యలేదు.

"అయిందన్నావు కదా. భరోసా చేసినాను. నొక్కు."

బొటనవేలు బొత్తాం మీద ఉంది. అది నా వేలు కానట్టు ఉంది. చెమటతో రిమోటు జారుతోంది. ఆగమని అరిచి, రిమోటును దూరంగా బల్ల మీద పెట్టేసి, కరెంటుకు దారి ఉంటే కూసే మీటరు తీసుకుని పరుగెత్తాను. ఒక కొస స్విచ్చికి, ఒక కొస బాడీ ఇనుముకు ఆనించాను. మీటరు పలకలేదు. మళ్లీ ఆనించాను. పలకలేదు. బానెట్ ఎత్తినప్పుడు ఆ స్విచ్చి బాడీ ఇనుమును తగిలితేనే, ఇంజను లేపొద్దన్న సంగతి పెట్టెకు చేరేది. స్విచ్చికీ ఇనుముకూ మధ్య నేను నా చేత్తో పూసిన ఎర్ర రంగు ఉంది. రంగులోంచి కరెంటు పోదు. నేను నొక్కి ఉంటే ఇంజను లేచేది.

దాచాలని ఈసారి తోచలేదు. ఇది పనిచెయ్యదు దీదీ, రంగు మీద బిగించాను, నొక్కి ఉంటే మీ చెయ్యి పోయేది అని చెప్పాను. ఆవిడ బెల్టు మీద ఉన్న చేతి వైపు చూసుకుంది. మొహంలో నెత్తురు దిగిపోయింది. మెల్లగా చెయ్యి బయటికి తీసి చొక్కాకు తుడుచుకుంది. ఆవిడకు తెలియదు! స్విచ్చి పనిచెయ్యదని తెలిసి నన్ను పరీక్షిస్తోందని అనుకున్నాను. నిజంగానే తెలియదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మీకు పిచ్చా, ఉన్న ఒక్క మంచి చెయ్యి అలా పెడతారా అని ఆవిడ మీద అరిచాను, ఏడుస్తూ అరిచాను.

"నాకేటి మాలూము?" అంది ఆవిడ. "నువ్వు అయిందని సెప్పినావు, నేను పెట్టినాను. రేపు దాస్ బాబూ అలగే పెడతాడు."

తర్వాత నా చేతికి ఉప్పుకాగితం ఇచ్చి, గీకమంది. ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకాను. స్విచ్చి బిగించి, తుప్పు పట్టకుండా పైన గ్రీజు పూశాను. మీటరు పలికింది. ఈసారి ఇద్దరం బండికి దూరంగా నిలబడి, బానెట్ ఎత్తి ఉంచి, పదిసార్లు నొక్కాం. లైట్లు మిణుకుమన్నాయి కాని ఇంజను కదల్లేదు. బానెట్ దించి నొక్కితే లేచింది. మర్నాడు దాస్ బాబు తన కారు తీసుకెళ్లాడు. నన్ను మళ్లీ పనిలోకి రమ్మని ఆవిడ అనలేదు, రావద్దనీ అనలేదు. నేను వెళ్లాను. ఆవిడ పోయేదాకా, పదకొండేళ్లు వెళ్లాను. తాళం కొంగున కట్టుకోవడం మానలేదు ఆవిడ. దానితోపాటు ఇంకోటి చేర్చింది, షెడ్డులోకి వచ్చిన ప్రతి రిమోటూ బ్యాటరీ తీసేసి ఆవిడ చొక్కా జేబులో ఉండేది.

ఆ తర్వాత ఎన్ని బండ్లకు ఆ పెట్టెలు బిగించానో నాకే లెక్క లేదు. చెయ్యి తిరిగిందని, నేను చేసిన పని మళ్లీ చూడక్కర్లేదని అంటారు తెలిసినవాళ్లు. వాళ్లకు తెలియదు. పని ముగించి యజమాని వైపు తిరిగి అయిందండీ అనబోయే ప్రతిసారీ నోరు పట్టేస్తుంది. వెనక్కి తిరిగి మీటరు తీస్తాను. ఆవిడకు మిగిలిన మంచి చెయ్యి ఆ ఎడమచెయ్యి ఒక్కటే. రెండు వేళ్లు పోగొట్టినవాడి మాట నమ్మి, దాన్ని బెల్టు మీద పెట్టింది.